ఉడుము బొమ్మ, బాయి కూత

నాకు ఏడుపు సినిమాలు పడవు. విడిపోయిన అన్నాచెల్లెళ్లు, కోడలిని రాచిరంపాన పెట్టే అత్త, ఆఖరున అందరూ కలిసి ఫోటోకు నిలబడ్డట్టు నిలబడడం, వీటి కోసం టాకీసు దాకా నడవడమెందుకు? మా క్వార్టర్ల వరుసలో ఏ తలుపు తట్టినా అంతకంటే మంచి ఏడుపు దొరికేది. నాకు కావలసింది భూతాలు. కోరల రాక్షసులు, నడిచే అస్థిపంజరాలు, తెల్లవాళ్ల సినిమాల్లో నీళ్లలోంచీ మంచులోంచీ లేచే పేరు తెలియని జంతువులు. గోడ మీద అలాంటి పోస్టరు పడిందంటే నెత్తి మీది బిందె కూడా దించకుండా నిలబడి చూసేదాన్ని.

ఖానాపూర్ పక్క పల్లెలో మక్కచేల మధ్య పెరిగిన దాన్ని. పెళ్లయి బొగ్గు బస్తీకి వచ్చాక గానీ సినిమా అంటే ఏమిటో ఎరగను. మా ఆయనది బాయిలో పని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన పని. ఇంటికి వచ్చినా పని మనసులోంచి పోయేది కాదు. అన్నం తింటూ తింటూ మా రేకుల కప్పు వైపు చూసి, ఏదో లెక్క కుదిరినట్టు తలూపేవాడు.

ఆయనకూ భూతాల సినిమాలంటే ప్రాణం. అయితే భూతం తెర మీదికి రాగానే రెండు కళ్లూ గట్టిగా మూసుకునేవాడు. మొదటిసారి చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

"రోజు పాతాళంల దిగి వస్తవ్, గీ తెర మీది బొమ్మకు భయమా?" అన్నాను.

"బాయిల కప్పు చప్పుడు నాకు దెలుస్తది. ఏ చప్పుడుకు ఉరకాల్నో దెలుస్తది. గిది ఎప్పుడేం జేస్తదో ఎవనికెరుక?" అన్నాడు, కళ్లు తెరవకుండానే. "ఏం జేస్తుంది ఇప్పుడు? జర చెప్పు."

నేను ఆయన చెవిలో చెప్పేదాన్ని. ఆయన నా మణికట్టు పట్టుకుని వినేవాడు. ఒక్క గది క్వార్టరులో, చీర అడ్డం కట్టిన అవతల అత్త పడుకుని ఉంటే, మేం గట్టిగా మాట్లాడుకున్న రోజే లేదు. టాకీసులో నేల మీద ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. బెంచీల మీద మాత్రం ఆలుమగలు కలిసి కూర్చోవచ్చు. అందుకని బెంచీకే పోయేవాళ్లం. నా కాపురంలో మంచి మాటలు సగం ఆ బెంచీ మీద, భూతాల సాక్షిగా నడిచినవే.

మాది డేరా టాకీసు. అందులో ఒకాయన ఉండేవాడు. గోడల మీది బొమ్మలు వేసేది ఆయనే, ఇంగ్లీషు సినిమా వచ్చినప్పుడు తెర పక్కన మైకు పట్టుకుని కథ చెప్పేదీ ఆయనే. బొమ్మలాయన అనేవాళ్లం. హైదరాబాదు నుంచి సినిమాతో పాటు అచ్చు పోస్టర్లు వస్తే, అవి చూసి పెద్ద అట్టల మీద రంగులతో మళ్లీ వేసేవాడు. మళ్లీ అంటే ఉన్నది ఉన్నట్టు కాదు. పొట్టి గౌను వేసుకున్న తెల్లపిల్లకు చీర కట్టేవాడు, బొట్టు పెట్టేవాడు, రాక్షసుడి చేతిలో గిలగిల్లాడుతున్నా ఆమె చేతులకు నిండా గాజులుండేవి. మైకులో కూడా అంతే. తెర మీద వాళ్లు ఒక్క మాటంటే ఈయన నాలుగు మాటలు చెప్పేవాడు. వాన పడి గోడ మీద పోస్టరు లేచిందంటే మేకలు తినకముందే మా ఆయన ఊడబెరికి ఇంటికి తెచ్చేవాడు. మా తలుపు లోపలి వైపంతా కోరలూ గోళ్లే. అత్త దానికి ఎదురుగా దేవుళ్ల క్యాలెండరు తగిలించింది, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని.

ఇక కూత సంగతి చెప్పాలి. బాయి దగ్గర సైరన్ ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు ఒకసారి నిండుగా కూసి ఆగిపోతుంది. దాన్ని పట్టే మేం పొయ్యి వెలిగించేవాళ్లం, పిల్లలను బడికి తోలేవాళ్లం. వేళగాని వేళ, ఆగి ఆగి, లేస్తూ పడుతూ కూసిందంటే లోపల ఏదో జరిగిందని. అప్పుడు బస్తీలో ఏ ఆడదీ చేతిలో ఉన్నది ఏమిటని చూసుకోదు. ఉన్నదాన్ని అక్కడే వదిలి ఉరుకుతుంది. నేను వచ్చాక అలాంటి కూత వినలేదు. కానీ ఆయన బాయిలో దిగిన ప్రతి పూటా నా చెవి ఒకటి దాని కోసమే తెరిచి ఉండేది. ఆ భయం గురించి మేం ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ ఎండాకాలం ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. సముద్రంలోంచి కొండంత జంతువు లేచి పట్నం మీద పడుతుంది. దాని తల, తోక చూసి బస్తీ అంతా దానికి ఉడుము అని పేరు పెట్టేసింది. సినిమాను బొమ్మ అనడం మాకు అలవాటు కనుక అది ఉడుము బొమ్మ అయింది. బొమ్మలాయన దాని కోసం నీళ్ల నల్లా ఎదురుగోడకు మనిషికి రెండింతల అట్ట నిలబెట్టాడు. ఆయన వేసిన వాటిలో అంత గొప్పది ఇంకోటి లేదు, ఇప్పటికీ అదే అంటాను. నల్లని ఒంటి మీద ఆకుపచ్చ పొలుసులు, నిప్పుల కళ్లు, తడి నాలుక. కానీ ఉడుము వెనకాల సముద్రం లేదు. మా బాయి ఉంది. ఇనుప దూలాల మీద తిరుగుతూ మనుషుల బోనును లోపలికి దింపి పైకి లాగే మా బాయి చక్రాన్ని అచ్చు గుద్దినట్టు వేశాడు. ఉడుము ముందరి పంజా ఆ చక్రం మీద ఉంది.

"సముద్రం ఏది అన్నా?" అని అడిగాను.

"ఈడ సముద్రం ఎవ్వలు జూసిన్రు చెల్లె? నేను జూసిన్నా? బాయి అంటే అందరికెరుక. జనం ఎట్ల ఎగవడి వస్తరో జూడు," అన్నాడు సంబరంగా.

జనమైతే ఎగబడ్డారు. మా అత్త మాత్రం భగ్గుమంది. బజార్లోనే బొమ్మలాయన మీదికి పోయింది.

"నా కొడుకు దిగే చక్రం మీద దాని కాలువెడ్తవా? నీ చేతులు వడిపోను! గీకెయ్యి దాన్ని!"

"ఉత్త బొమ్మ అవ్వా, పరేషాన్ గాకు," అని ఆయన నవ్వాడు.

అత్త వినలేదు. ఆ రోజు నుంచి మా ఆయన షిఫ్టుకు బయల్దేరే ముందు ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసి గానీ గడప దాటనిచ్చేది కాదు. ఆయన చంటిపిల్లవాడిలా తలవంచి నిలబడేవాడు. నేను అత్త మాట నవ్వి తీసిపారేశాను. తీసిపారేశాను గానీ, నీళ్లకు పోయినప్పుడల్లా ఆ పంజా కింది చక్రాన్ని చూసి, వెంటనే తల తిప్పి దూరంగా అసలు చక్రం తిరుగుతోందా లేదా అని చూసుకునేదాన్ని.

మొదటిరోజు మొదటి ఆటకు మేమిద్దరం పోయాం. డేరా కిక్కిరిసి ఉంది. సముద్రం ఉడికినట్టు పొంగింది, ఒడ్డున దీపస్తంభం విరిగి పడింది, నీళ్లలోంచి తల లేచింది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను చెవిలో చెప్పబోతున్నాను. అంతలో కూత మొదలయింది. లేస్తూ, పడుతూ, ఆగి ఆగి.

అది తెర మీది పట్నం కూత. ఉడుము వస్తోందని అక్కడి జనాన్ని లేపుతున్న కూత. మాకు అదేం తెలుసు? గోడ మీద మేం చూసి వచ్చింది మా బాయి. బాయిలోంచే ఉడుము లేచిందని వారం నుంచి పిల్లాజెల్లా చెప్పుకుంటున్నారు. కూత వినగానే డేరా మొత్తం ఒక్కసారి లేచింది. అందరికంటే ముందు మా ఆయనే నా చెయ్యి విడిచి లేచాడు. ఆయనతో కలిసి కర్రలు నిలబెట్టే జోడీ ఆ షిఫ్టులో బాయి కింద ఉన్నాడు. "ఆగుండ్రి! సిన్మాల కూత! సిన్మాల కూత!" అని బొమ్మలాయన మైకులో అరుస్తున్నా ఎవరూ చెవిన వేసుకోలేదు. డేరా గుడ్డ చించుకుని పోయారు. చెప్పులు లేకుండా, కొంగు జారినా చూసుకోకుండా బాయి దాకా ఉరికాం. ఉరుకుతున్నంతసేపూ ఎవరూ ఏడవలేదు. ఊపిరి చప్పుడే.

బాయి ముఖద్వారం దగ్గర కావలి మనిషి గోడకు చేరగిలబడి బీడీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి హడలిపోయి లేచి, "ఏమైంది? ఏడ?" అని మమ్మల్నే అడిగాడు. పైన చక్రం నింపాదిగా తిరుగుతోంది.

ఆ తర్వాత ఎన్ని నవ్వులు! ఎవరి పంచె ఎక్కడ ఊడిందో, ఎవరు ఎవరి పిల్లను ఎత్తుకుని ఉరికారో, నల్లా దగ్గర అవే ముచ్చట్లు. మా అత్త మాత్రం నవ్వలేదు. "తొలుత ఉత్తగ కూసింది," అంది, అంతే. ఆ మాట నాకు వంట్లో చలి పుట్టించింది. కోపం కూడా వచ్చింది, ఎందుకంత మాట అనాలని.

మర్నాటి నుంచి బొమ్మలాయన జాగ్రత్త పడ్డాడు. ఆట మొదలుకాకముందే మైకులో చెప్పేవాడు: "అవ్వలారా, అన్నలారా, నడుమల ఒక కూత వస్తది. గది సిన్మాల కూత. బాయి కూత గాదు. ఎవ్వలు లేవద్దు." కూత రాగానే మళ్లీ అందుకునేవాడు: "ఫికర్ లేదు, కూసోండ్రి, సిన్మాల కూత!" జనం దానికి కూడా చప్పట్లు కొట్టేవాళ్లు. ఉడుము కంటే ఆ మాటకే ఎక్కువ సంబరపడేవాళ్లు.

మేం రెండోసారి పోయి మొత్తం చూశాం. నేను చూశాను, ఆయన విన్నాడు. ఆఖరున ఉడుమును తరిమి తరిమి కొండ కిందికి తీసుకుపోయి, కొండను పేల్చేస్తారు. బండలు దాని మీద కూలి పడతాయి. తోక ఒక్కటి కొంచెంసేపు కదిలి ఆగిపోతుంది. ఆ రాక్షసి మీద నాకు ప్రేమ పుట్టిందంటే నమ్ముతారా? ఆయన చెవిలో ఏమీ చెప్పలేకపోయాను. చప్పట్లలో, జనం లేచే తోపులాటలో ఆ మాట మరుగున పడిపోయింది.

బొమ్మ వెళ్లిపోయే ముందు రోజు మధ్యాహ్నం ఆయనకు రెండో షిఫ్టు పడింది. అత్త దిష్టి తీసింది. గడప దగ్గర ఆయన గొంతు తగ్గించి నాతో అన్నాడు:

"ఆఖరుకు అది సచ్చిందా, బతికిందా? నువ్వు చెప్పనేలే. ఇయ్యాల పొయ్యి మంచిగ చూసొచ్చి చెప్పు."

"అప్పుడు నువ్వే కండ్లు తెరిచి చూడకపోయినవా?" అన్నాను.

నవ్వుతూ పోయాడు.

పక్క క్వార్టరు ఆడవాళ్లతో కలిసి మొదటి ఆటకు పోయాను. అప్పుడే చీకటి పడుతోంది. బొమ్మలాయన ఎప్పటి మాటలే చెప్పి, తెర పక్కన చాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. నాకు ఆ బొమ్మ ఇంచుమించు నోటికి వచ్చేసింది. ముందు ముసలి పండితుడి ఇల్లు. తర్వాత పడవ. తర్వాత దీపస్తంభం. ఆ తర్వాత ఉడుము, అప్పుడు కూత. తెర మీద ఇంకా ముసలి పండితుడి ఇల్లే నడుస్తోంది. ఆయన బల్ల ముందు కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

కూత వినిపించింది.

జనం గొల్లున నవ్వారు. బొమ్మలాయన గ్లాసు దించకుండానే, తెర వైపు చూడకుండానే మైకు అందుకున్నాడు. "ఫికర్ లేదు, కూసోండ్రి, సిన్మాల కూత!" చప్పట్లు.

నేను తెర వైపే చూస్తున్నాను. ముసలాయన అద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. పక్కన అమ్మాయి ఆయనకు నవ్వుతూ ఏదో అందిస్తోంది. కూత లేచింది, పడింది, ఆగింది, మళ్లీ లేచింది. పట్నమంతా కూస్తుంటే ఈ ముసలాయన తల కూడా ఎత్తడేమిటి? లేచి నిలబడ్డాను.

"గది సిన్మాల కూత గాదు!" అని అరిచాను. "ఉడుము ఇంకా లేవనేలే!"

"కూసో, అడ్డం జరుగు!" అని వెనక నుంచి ఎవరో కసిరారు. ఇంకెవరో నవ్వారు. నేను బొమ్మలాయన వైపు తిరిగి మళ్లీ అరిచాను. "అన్నా, జూడు! ఇంక ఉడుము లేవనేలే!"

ఆయన తల తిప్పి తెర చూశాడు. ముసలాయన అద్దాలు పెట్టుకున్నాడు. బొమ్మలాయన నోరు తెరిచాడు గానీ మైకులోంచి మాట రాలేదు. ఆ మౌనమే జనాన్ని లేపింది. నేనప్పటికే డేరా దాటాను.

బాయి దగ్గర మాకంటే ముందే అత్త ఉంది. చేతులకు పిండి అలాగే ఉంది. నన్ను చూడగానే సినిమా పిచ్చిదానా అని తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె పిండి చేత్తో నా చెయ్యి పట్టుకుని, బోను పైకి వచ్చే చోటునే చూస్తూ నిలబడింది. కప్పు కూలిందని మాత్రం తెలిసింది. ఎక్కడ, ఎవరి మీద, ఎవరూ చెప్పరు. బోను వచ్చినప్పుడల్లా ముఖాలు. అన్నీ ఒకే నలుపు. ప్రతి ముఖమూ ఆయనదే అనిపించేది, దగ్గరికి రాగానే కాదు. ఎవరికో ఒకరికి తమ మనిషి దొరికి కేక పెట్టినప్పుడల్లా వాళ్లమీద నాకు ద్వేషం పుట్టింది. ఉన్నమాట చెబుతున్నాను.

చాలాసేపటికి ఆయనను మంచం మీద మోసుకొచ్చారు. ప్రాణం ఉంది. ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. ఆయన జోడీని కూడా తెచ్చారు, ముఖం మీద గుడ్డ కప్పి.

దవాఖానలో కాలు తీసేశారు. బొమ్మలాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "చెల్లె, నేను ఫికర్ లేదని చెప్పిన," అన్నాడు. ఓదార్చాల్సింది కాబోలు. నా వల్ల కాలేదు. "చెప్పినవ్. మైకుల చెప్పినవ్," అన్నాను. ఆయన మైకులో చెప్పినా చెప్పకపోయినా కూలిన కప్పు కూలకుండా ఆగదు, నాకు తెలుసు. అయినా మండిపోయాను. తర్వాత తెలిసింది, ఆ రాత్రే కత్తి తీసుకుని అట్ట మీది బాయి చక్రాన్ని గీకేశాడట. ఉడుము పంజా గాల్లో మిగిలిపోయింది.

మా ఆయనకు తెలివి వచ్చి, నీళ్లు తాగి, నా వైపు తిరిగాడు. కాలు సంగతి ఇంకా తెలియదు, జోడీ సంగతి అసలే తెలియదు. గొంతు గుసగుసలా ఉంది.

"చూసినవా? ఆఖరుకు అది సచ్చిందా?"

నా కళ్ల ముందు బండలు కూలాయి, తోక కదిలింది. ఆయన జుట్టులో ఇంకా బొగ్గు దుమ్ము ఉంది.

"సావలే," అన్నాను. "మెల్లగ లేచి మల్ల సముద్రంలకు పోయింది."

"మంచిదైంది," అని కళ్లు మూసుకున్నాడు.

తర్వాత ఆయనకు బాయి పైన దీపాల గదిలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు దీపాలు అందించడం, ఎక్కివచ్చిన వాళ్ల దగ్గర తీసుకోవడం. తీసుకునేటప్పుడు ప్రతివాడి ముఖం చూసేవాడు. మేం సినిమాలు మానేశాం. ఎవరు మానేద్దామన్నారో గుర్తులేదు, ఎవరూ అనలేదనుకుంటాను. తలుపు మీది బొమ్మలు మాత్రం ఉన్నాయి. అత్త కూడా వాటిని తీయించలేదు.

రెండు మూడేళ్లకు ఉడుము బొమ్మ మళ్లీ వచ్చింది. నల్లా ఎదురుగా కొత్త అట్ట లేచింది. ఈసారి ఉడుము వెనకాల సముద్రమే ఉంది. దాన్ని ఎన్నడూ చూడని మనిషి వేసిన సముద్రం, దుక్కి చాళ్లలాంటి నీలి అలలు. నేను చూడనట్టే నీళ్లు పట్టుకొచ్చాను. మా ఆయన చూసి వచ్చాడు.

"పోదమా?" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను, విసురుగా.

"నేను కండ్లార చూడనే లేదు గద."

కర్ర సాయంతో బెంచీ దాకా నడిచాడు. బొమ్మలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. ముసలి పండితుడు అద్దాలు తుడుచుకున్నాడు. పడవ మునిగింది. దీపస్తంభం విరగబోతుండగా బొమ్మలాయన గబగబా సినిమా ఆడించే మిషను గది వైపు పోయాడు. తెర మీద నీళ్లు చీల్చుకుని ఉడుము లేచింది. జనం నోళ్లు తెరిచి ఉరుకుతున్నారు. కూత లేదు. డేరాలో చప్పుడన్నదే లేదు. బొమ్మలాయన శబ్దం ఆపేశాడు. ఉడుము మూగగా పట్నంలోకి నడిచింది, ఇళ్లు మూగగా కూలాయి. అంతమంది జనంలో ఒక్కరూ దాన్ని చూడడం లేదు. అందరం బయటికి చెవులు పెట్టి కూర్చున్నాం. బయట కుక్క మొరిగింది, చాయ్ బండి దగ్గర గ్లాసులు మోగాయి, అంతే. అప్పుడు గానీ శబ్దం తిరిగి రాలేదు.

మా ఆయన మొదటి నుంచీ కళ్లు మూసుకునే ఉన్నాడు. కండ్లార చూస్తానని వచ్చిన మనిషి. నా మణికట్టు మాత్రం వదల్లేదు.

ఆఖరు వచ్చింది. ఉడుమును కొండ కిందికి తరిమారు. పేలుడు. బండలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడుకు డేరా కర్రలు అదిరాయి. ఆ చప్పుడు మా ఆయనకు నేర్పాల్సిన పనిలేదు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. నా మణికట్టు మీద ఆయన వేళ్లు ఎముక నొప్పి పుట్టేలా బిగిశాయి.

తోక కదలడం ఆగింది. ఆయన కళ్లు తెరవకుండానే నా చెవి వైపు వంగాడు.

"పోయిందా సముద్రంలకు?" అని అడిగాడు.

"పోయింది," అన్నాను.